కనబడని మంట

హనుమండ్లుకు నిప్పంటే చిన్నప్పటి నుంచీ భయం లేదు. బెల్లంపల్లిలో పుట్టి, బొగ్గుల పొయ్యి పక్కన పెరిగినవాడు. తండ్రి బొగ్గుబాయిలో పనిచేశాడు గానీ కొడుకు నాటికి బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. దాంతో బజారులో మెకానిక్ షెడ్డు పెట్టుకున్నాడు. ఇంజను చప్పుడు విని దాని రోగం చెబుతాడని పేరొచ్చింది. ఆ పేరే అతన్ని విద్యాధర్ దగ్గరికి చేర్చింది.

విద్యాధర్‌ది ఆదిలాబాద్ వైపు భూములున్న కుటుంబం. అతనికి కార్ల పందేలంటే పిచ్చి. కారు నడిపేది మాత్రం చెల్లెలు శ్రేయ. పత్తి ఏరడం అయిపోయాక, ఊరి బయట నల్లరేగడి చేలల్లో మట్టిదారి చదును చేసి పొద్దంతా సాగే పందెం పెట్టేవారు. పొద్దంతా తిరగాలంటే మధ్య మధ్య ఆగి ఇంధనం పోసుకోక తప్పదు. రేకుల పందిరి కిందికి కారు ఉరికొచ్చి ఆగగానే ట్యాంకుకు గొట్టం తగిలించి నింపడం హనుమండ్లు పని. ఇంజను కాగి ఉంటుంది. పొగగొట్టం కాలి ఉంటుంది. నడిపే మనిషి సీటుకు బెల్టులతో బిగించి ఉంటుంది. వెనక వేరే కారు వచ్చేస్తోందని అందరూ అరుస్తుంటారు. ఆ తొందరలో నాలుగు చుక్కలు ఒలికినా ముప్పే.

ఆ ఏడు విద్యాధర్ పెట్రోలు మాని మిథనాల్ అనే స్పిరిట్ తెచ్చాడు. చూడ్డానికి మంచినీళ్లలా ఉంటుంది. ఇంజనుకు బలం ఎక్కువన్నాడు.

"గిది అంటుకుంటే నీళ్లు గుమ్మరిస్తె ఆరిపోతది హనుమండ్లూ. కాకపోతె ఎండల మంట కనబడది, జర పైలం," అని చెప్పి పీపాల నిండా నీళ్లు పెట్టించాడు.

హనుమండ్లు తలూపాడు. కనబడని మంట అంటే ఏమిటో మాత్రం అతని ఊహకు అందలేదు. మంటను కళ్లతో చూడటమే తప్ప మరోలా ఎరగడు.

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ కారు వచ్చి ఆగింది. ట్యాంకు నిండి, గొట్టం ఊడదీస్తుంటే కొంత చిమ్మి అతని ఎడమచేతిని తడిపింది. ఆ చెయ్యి పొగగొట్టం పక్క నుంచే వెనక్కి వచ్చింది. కారు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. హనుమండ్లు చెమట తుడుచుకోబోయాడు. చేతిని ఎవరో పళ్లతో పట్టినట్టు అనిపించింది.

చూశాడు. చేతి మీద ఏమీ లేదు. చొక్కా చెయ్యి మాత్రం తనంతట తానే ముడుచుకుపోతోంది. అంచు నల్లబడి, ఆ నలుపు మోచేతి మీదుగా భుజం వైపు పాకుతోంది. వెలుగు లేదు, ఎరుపు లేదు. పైన గాలి మాత్రం సన్నగా వణుకుతోంది.

గొంతు చించుకుని అరిచాడు. చేతిని తొడకేసి కొట్టుకుంటూ గిరగిరా తిరిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు ముందు నవ్వారు. తేనెటీగ కుట్టిందేమో అనుకున్నారు. తర్వాత ఎవరో, "గాలి సోకింది, పట్టుకోండ్రి!" అని కేకేశారు.

టైర్లు మార్చే ముత్యం ఉరికొచ్చి అతన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. మరుక్షణం ముత్యం కూడా అదే అరుపు అరిచాడు. అతని ఛాతీ మీద చొక్కా అలాగే ముడుచుకుపోతోంది. అప్పుడు హనుమండ్లుకు విద్యాధర్ మాట తట్టింది. ముత్యాన్ని పీపా మీదికి తోసి, తాను కూడా మీద పడ్డాడు. పీపా దొర్లి నీళ్లు ఇద్దరినీ ముంచెత్తాయి.

ఇద్దరూ బతికారు. ఆస్పత్రిలో పడుకుని ఉన్నన్నాళ్లూ హనుమండ్లును కాలిన బాధ కంటే ఒక తలపే ఎక్కువ బాధపెట్టింది. అంతమంది మధ్య, పట్టపగలు తగలబడ్డాడు. ఒక్కరికీ కనబడలేదు.

తల్లి దేవవ్వ నమ్మలేదు. "అగ్గి లేకుంట కాలుడేంది కొడుకా? గా చేన్ల ఏదో ఉన్నది," అని నిమ్మకాయ తిప్పి దిష్టి తీసింది. మనసులో ఒక మూల అతనికీ అలాగే ఉండేది. చూడటానికి వచ్చిన విద్యాధర్ వాకిట్లో ఎండలో ఒక స్టీలు పళ్లెం పెట్టి, అడుగున కాస్త మిథనాల్ పోసి అగ్గిపుల్ల గీసి అంటించాడు. పుల్ల ఆరింది. పళ్లెంలో మాత్రం ఏమీ జరిగినట్టే లేదు. అంచున ఎండిన గడ్డిపోచ పెడితే అది ఉత్త గాలిలో నల్లబడి వంగి మాయమైంది. దేవవ్వ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచీ హనుమండ్లుకు ఖాళీ జాగా అంటేనే అనుమానం పట్టుకుంది. గుమ్మం దాటాలంటే ముందు అరచెయ్యి చాపేవాడు. భార్య గంగుబాయి చాలా రోజులు చూసి ఊరుకుంది. మళ్లీ పందెం దగ్గర పడి, అతను పోతానన్నప్పుడు అడిగింది.

"ఎందుకు పోతవయ్యా? చెయ్యి కాలింది సాలదా?"

"నేను పోకుంటె నా జాగల ఇంకొకడు నిలబడుతడు. వానికి గిది ఎర్కనే ఉండది."

గంగుబాయి లేచింది. మూలనున్న చీపురు తెచ్చి అతని చేతికిచ్చింది. "అరచెయ్యి చాపకు. గిది చాపు. కాలితె గిదే కాలుతది."

పందెం నాడు చీపురుతో వచ్చిన మెకానిక్‌ను చూసి అందరూ నవ్వారు. అతను లెక్కచేయలేదు. కారు ఆగిన ప్రతిసారీ, గొట్టం తీశాక, కారు చుట్టూ ఉన్న గాలిని చీపురుతో ఊడ్చేవాడు. పూజ చేస్తున్నట్టుందని కొందరు అన్నారు.

మధ్యాహ్నం తర్వాత శ్రేయ కారు ఆపింది. ట్యాంకు నిండింది. అంతా బాగానే ఉంది. ఆమె హెల్మెట్ అద్దం పైకెత్తి, నవ్వుతూ బొటనవేలు చూపించింది. హనుమండ్లు డ్రైవరు తలుపు పక్కన చీపురు చాపాడు. ఆమె ముఖానికి జానెడు దూరంలో, ఏమీ లేని చోట, చీపురు కొసలు నల్లబడి భగ్గుమన్నాయి.

శ్రేయ ఇంకా నవ్వుతూనే ఉంది.

"నీళ్లు!" అని అరిచి అతను పీపాలోంచి బకెట్టుతో ముంచి తలుపు మీద కొట్టాడు. ఎక్కడ మండుతోందో తెలియదు గనక అన్నిచోట్లా కొట్టాడు. విద్యాధర్ కూడా బకెట్టు అందుకున్నాడు. తలుపు రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంటే అందరికీ అర్థమైంది. కాలిన చేత్తోనే హనుమండ్లు బెల్టులు విప్పి ఆమెను అవతలి పక్క నుంచి లాగాడు. మెడ దగ్గర కాస్త కమిలింది, అంతే.

చాలాసేపు ఆమె నేల మీద కూర్చుని చీపురు వైపే చూసింది.

"హనుమండ్లన్నా, అది గంతసేపు నా పక్కనే ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా. నీకు తెల్వలే."

శ్రేయ రెండు చేతులతో ముఖం తడుముకుంది. అప్పుడు ఏడ్చింది.

విద్యాధర్ ఆ రోజే కారును పందెం నుంచి తప్పించాడు. మరుసటి ఏడు మళ్లీ పెట్రోలే పోశారు. శ్రేయ వెనకబడింది, అయినా నడుపుతూనే ఉంది. ముత్యం మాత్రం చేల వైపు రాలేదు. చొప్పదండిలో టైర్ల దుకాణం పెట్టుకున్నాడు.

హనుమండ్లు బెల్లంపల్లిలోనే ఉన్నాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు షెడ్డు ముందు తారురోడ్డు మీద గాలి వణుకుతున్నప్పుడు, అవతలి హోటల్లో చాయ్ తాగాలనిపించినా వెంటనే అడుగు వేయడు. రోడ్డు మీద ఏదో ఒక బండి ఆ వణుకులోంచి దూసుకుపోయే దాకా ఆగి, అది క్షేమంగా అవతల తేలాక అప్పుడు రోడ్డు దాటుతాడు.