లెక్కలోకి రాని కాన్పు

ఇంటర్మీడియట్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న ఎండాకాలంలో మా అవ్వ గడప తట్టుకుని పడి తుంటి విరగ్గొట్టుకుంది. పాకాలలో మా నాయనకు చింతపండు, బెల్లం మండీ ఉండేది. సరుకు దిగే కాలం కాబట్టి ఆయన కదలలేడు. అమ్మ ఇల్లు వదిలి రాలేదు. కాట్పాడి దాటి తమిళదేశంలో ఉన్న ఒక ఆస్పత్రిలో అవ్వను చేర్పించి, తోడుగా నన్ను ఉంచారు. నాకు ఒకచోట కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. మంచం పక్కన స్టూలు మీద కాసేపు కూర్చునేదాన్ని, లేచి వరండా చివరిదాకా నడిచేదాన్ని, మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని.

ఆ వార్డులో తెలుగు రాని ఒక నర్సు ఉండేది. ఇంకెవరు పక్కకు తిప్పినా అవ్వ కేకలు పెట్టేది, ఆమె తిప్పితే పెట్టేది కాదు. ఎలా చేస్తోందో చూస్తూ వచ్చాను. కాళ్ల మధ్య దిండు పెట్టి, భుజం, నడుము, కాలు ఒకేసారి, ఒకే దుంగలాగా కదిలించేది. ఒకరోజు నన్ను కూడా అవతలి వైపు నిలబెట్టి చెయ్యి వేయమని సైగ చేసింది. అవ్వ కళ్లు మూసుకునే ఉంది, కిమ్మనలేదు. ఆ రోజు నా కాళ్లకు తిరుగుడు తగ్గింది. అదే ఆస్పత్రి కాలేజీలో నర్సింగుకు నాలుగేళ్ల డిగ్రీ ఉందని అక్కడే తెలిసింది. అప్పటిదాకా నర్సు కావడమంటే ట్రైనింగు అనుకున్నామే కాని, దానికి బీయస్సీ ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను అందులో చేరతానని చెప్పగానే ముందు అడ్డం తిరిగింది అవ్వే.

"పరాయి మగోళ్ల ఒళ్లు తుడిసే పని మనింటి పిల్లకా? యాడన్నా ఉండాదా?" అంది.

"నీ ఒళ్లు తుడిసింది పరాయి పిల్లే కదవ్వా."

"అందుకే చెప్తా ఉండా. ఆ పిల్ల ఎంత కష్టపడిందో నేను సూసినా."

మరుసటి వారం నాయన నాతో పాటు ప్యాసింజరు ఎక్కి వచ్చి, చేరడానికి ఏమేమి కావాలో కాలేజీలో అడిగాడు. పదిహేడేళ్లు నిండి ఉండాలి, ఇంటర్‌లో సైన్సు, ఇంగ్లీషు పాసై ఉండాలి, పెళ్లి అయి ఉండకూడదు. తండ్రి ఒప్పుకోవాలి. ఇంటర్వ్యూ, డాక్టరు పరీక్ష దాటాలి. నాకు వయసు సరిపోయింది. మార్కులు సరిపోయాయి. నాయన సంతకం పెట్టేశాడు. ఇంటర్వ్యూలో నర్సు ఎందుకు కావాలని అడిగితే, అవ్వను తిప్పడం గురించి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. వాళ్లు తలలూపారు.

చివరికి డాక్టరు దగ్గర ఆగిపోయాను. ఆవిడ నన్ను బరువు తూచే మిషను ఎక్కించి, ముల్లు చూసి, నా మణికట్టు పట్టుకుని చూసింది.

"ఇంత సన్నంగా ఉంటే నువ్వు రోగిని ఎత్తేది ఎట్లా? రోగే నిన్ను ఎత్తాలి," అంది. క్లాసులు మొదలయ్యేలోగా బరువు పెరిగి మళ్లీ వస్తే చూస్తానంది. గుడ్లు తినమంది. మేము గుడ్లు తినే వాళ్లం కాదని చెబితే, "అయితే శెనక్కాయలు తిను," అంది.

ఇంటికి వచ్చాక నా బరువు మా మండీ సంగతి అయిపోయింది. బస్తాలు తూచే కాటా మీద నాయన పొద్దున్నే నన్ను నిలబెట్టేవాడు. హమాలీలు పని ఆపి చూసేవాళ్లు. శెనక్కాయలు, బెల్లం, అరటిపండ్లు, పాలు, పూటపూటకూ నెయ్యన్నం. తింటున్నా, తిన్నది ఎదురుచూడడంలోనే కరిగిపోయేది. మండీ నుంచి స్టేషనుకు, స్టేషను నుంచి మండీకి ఊరికే తిరిగేదాన్ని.

"నువ్వు తిన్నదంతా రోడ్డుకే పెడ్తా ఉండావు. ఒక తావున కూసోమ్మా," అనేవాడు నాయన.

వద్దన్న అవ్వే చేతికర్రతో వచ్చి నా కంచంలో ఇంకో గరిటె నెయ్యి వేసిపోయేది. వేస్తూ కూడా గొణిగేది. రెండోసారి డాక్టరు ముల్లు వైపు చూసి, నా వైపు చూసి, అంచులో ఉన్నావని చెప్పి సంతకం పెట్టింది.

చదువు గురించి ఎక్కువ చెప్పను. తొలి ఏడు పరుపు దుప్పటి మూలలు మడవడం, స్పంజి స్నానం చేయించడం, శరీర శాస్త్రం, రసాయన శాస్త్రం. తరువాత వార్డులు. ప్రతి వార్డులోనూ ఇన్ని గంటలు పనిచేసి ఉండాలని ఉండేది. ఆ గంటలు నిండకపోతే పై పరీక్షకు రానివ్వరు. నాకు గంటలు నింపడం సులభమే. ఊరికే ఉండలేని మనిషికి వార్డు కంటే మంచి చోటు లేదు.

ప్రసూతి వార్డు వంతు వచ్చినప్పుడు నాకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు, గోళ్లు పసుపెక్కి, ఇంట్లో పడుకుని, మేము కీళానెల్లి అనే నేల ఉసిరి ఆకు పసరు తాగుతూ ఉండిపోయాను. లేచి తిరిగి వెళ్లేసరికి నా బ్యాచి ఆ వార్డు దాటిపోయింది. డిగ్రీ రావాలంటే నిర్ణయించినన్ని కాన్పులు మా చేతులతో మేము చేసి ఉండాలి. చూసినవి వేరు, సాయం చేసినవి వేరు. ఆపరేషనుగా మారినా, డాక్టరు పట్టుకారు వేసినా అది మా లెక్కలోకి రాదు. చివరి ఏడు సెలవుల్లో వెలితి పూరించుకోవడానికి ప్రిన్సిపాలు నాకు అనుమతి ఇచ్చింది. ఇంటికి దగ్గరగా ఉంటుందని చిత్తూరులో ఒక ఆస్పత్రికి పంపింది. అక్కడి ప్రసూతి వార్డు సిస్టరు పక్కన ఉండి నా పని చూసి సంతకం చేయాలి.

పాకాలలో పొద్దున ప్యాసింజరు ఎక్కితే చిత్తూరు. సాయంత్రం తిరుగు రైలు. ఆ సిస్టరు తమిళం కలిపిన తెలుగు మాట్లాడే పెద్దావిడ. నన్ను మొదటి రోజే కనిపెట్టేసింది.

"ఎందుకుమా ఇట్లా సుమ్మా ఊరికే తిరగతా ఉండావు? పిల్లోళ్లు నీ కోసరం తొందరపడి రారు," అంది.

నిజంగానే రాలేదు. నేను ఉన్నప్పుడు లేబరు రూము ఖాళీగా ఉండేది. నేను సాయంత్రం రైలెక్కాక కాన్పులు జరిగేవి. పొద్దున వచ్చి ఉయ్యాలల్లో కొత్త పిల్లలను చూస్తే ముద్దు వచ్చేది కాదు, కోపం వచ్చేది. గర్భిణి ఎవరైనా గేటు దాటి వస్తుంటే మెట్లు దిగి ఎదురువెళ్లేదాన్ని. ఒక్కొక్కటిగా కొన్ని దొరికాయి. చివరికి ఒకే ఒక్కటి మిగిలింది. పరీక్షకు పేర్లు పంపే గడువు మూడు రోజుల్లో ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం కార్వేటినగరం వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. అంతకు ముందు ఒక బిడ్డ ఉంది. రెండో కాన్పు కాబట్టి త్వరగా అవుతుందని నాకు లోపల గంతులు. ఆమె వెంట తల్లి ఉంది.

"పొద్దన్నుంచి నొప్పులు వస్తా ఉండాయి. మొదటిది ఇంట్లోనే అయిపోయె. ఇది ఎందుకో లాగతా ఉండాది," అంది ఆ తల్లి.

సిస్టరు చూసి, అంతా బాగానే ఉందని చెప్పి, పక్క వార్డులో రక్తం ఎక్కిస్తున్న మనిషి దగ్గరకు వెళ్లింది. అవసరమైతే కేక వేయమంది. నేను చేతులు కడుక్కుని, ట్రేలో అన్నీ సర్ది, ఆమె పక్కన నిలబడ్డాను. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె నా చెయ్యి పట్టుకునేది. గాజులు లేని చెయ్యి పట్టుకోవడానికి బాగుందని అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఒక నొప్పి తగ్గాక పొట్ట మీద గొట్టం ఆనించి బిడ్డ గుండె విన్నాను. నెమ్మదిగా కొట్టుకుంటోంది. నొప్పి సమయంలో కొంచెం తగ్గి మళ్లీ పుంజుకోవడం మామూలే. ఇది పుంజుకోలేదు. మరుసటి నొప్పి తరువాత మళ్లీ విన్నాను. ఇంకా నెమ్మదించింది.

అక్కడ నా మనసు ఎన్ని మాటలు చెప్పిందో. రెండో కాన్పు, దారి దాదాపు తెరుచుకుంది, ఇంకాసేపట్లో బిడ్డ బయటికి వచ్చేస్తుంది. పక్కకు తిప్పితే గుండె సర్దుకోవచ్చు. డాక్టరును పిలిస్తే ఈ కాన్పు నాది కాదు. ఆమెను ఎడమ పక్కకు తిప్పాను. విన్నాను. మార్పు లేదు. ఆమె నా ముఖం చూసింది.

"ఏమ్మా, బిడ్డ బాగుండాడా?" అంది.

తలుపు దాకా వెళ్లి సిస్టరును పిలిచాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఆవిడ వచ్చి విని, ఆయాను డాక్టరు దగ్గరకు పరుగెత్తించింది. ఆ తరువాత అంతా తొందరే. బండి, థియేటరు తలుపు, మత్తు వాసన. నేను కూడా లోపలికి వెళ్లి పనిముట్లు అందించాను. బిడ్డ మెడకు పేగు గట్టిగా చుట్టుకుని ఉంది. నీలంగా, మెత్తగా బయటికి వచ్చాడు. సిస్టరు తలకిందులుగా పట్టుకుని వీపు రుద్దుతుంటే నేను గొంతులో నీరు లాగాను. వాడు ఏడ్చాక తుడిచి గుడ్డలో చుట్టాను.

గడువులోపు ఇంకో కాన్పు రాలేదు. నేను రైలెక్కి కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాలు ముందు నిలబడి జరిగినదంతా చెప్పాను. ఒక్క కాన్పు సడలించమని అడిగాను. ఆవిడ కళ్లద్దాలు తీసి మొత్తం విన్నది.

"నువ్వు సరిగ్గా చేశావు," అంది. "పరీక్షకు మాత్రం ఈసారి కూర్చోలేవు."

"నేను పిలవకుండా ఉంటే కూర్చుని ఉండేదాన్ని కదా, మేడమ్."

"ఉండేదానివేమో. పిలవని నర్సువై కూడా ఉండేదానివి. నా సంతకంతో." అని కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. నాకు ఆ రోజు ఆవిడ మీద చాలా కోపం వచ్చింది. ఆ మాటలో న్యాయం ఉందని అనిపించినా కోపం తగ్గలేదు.

ఇంటికి వచ్చి మండీలో చెప్పాను. నాయన లెక్క చూసుకుంటున్నవాడు ఆపి, "ఇంగ ఆరు నెలలా?" అన్నాడు. అవునన్నాను. కలం పక్కన పెట్టి, "ఆ బిడ్డ బతికినాడా?" అన్నాడు. బతికాడన్నాను. ఆయన మళ్లీ పనిలో పడ్డాడు. అమ్మ మాత్రం, ఈ ఆరు నెలల్లో సంబంధాలు చూద్దామని మొదలుపెట్టింది. నాయన ఆ మాటను పడనివ్వలేదు. "దాని సదువు కానీ. నడమ యాడికి లాగతావు?" అన్నాడు.

ఆ తరువాతి వారమే నాకు కావలసిన కాన్పు దొరికింది. కాన్పుకు వచ్చినామె ఆస్పత్రి మెట్లు ఎక్కి వస్తూనే బిడ్డను కనేసినంత పని చేసింది. నేను చెయ్యి పట్టడం తప్ప చేసింది ఏమీ లేదు. సిస్టరు నవ్వుతూ సంతకం చేసింది. నేను నవ్వలేకపోయాను.

మిగిలిన నెలలు చిత్తూరుకు పోవాల్సిన పని లేదు. అయినా వెళ్లేదాన్ని. ఇంట్లో ఉంటే పిచ్చెక్కినట్టు ఉండేది. నా బ్యాచి అమ్మాయిలు అప్పటికి పాసై ఒకరు మద్రాసు, ఒకరు బెంగుళూరు చేరారు. నేను వార్డులో దుప్పట్లు మారుస్తూ, పాలు పట్టడం తెలియని కొత్త తల్లులకు చూపిస్తూ, ఏమిటి నా బతుకు అనుకుంటూ తిరిగాను. సిస్టరు నన్ను ఆపడం మానేసింది. ఏదైనా గుండె సరిగ్గా వినబడకపోతే నన్నే పిలిచి గొట్టం ఇచ్చేది. "నువ్వు ఒకసారి కేళు," అనేది. వినమని.

ఆరు నెలలకు పరీక్షలు, ముందుసారి తప్పినవాళ్లతో కలిసి రాశాను. ఒక్కదాన్నే వేరే వరుసలో. పాసయ్యాను. కొన్నాళ్లకు తిరుపతిలో ఒక ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. ఏ వార్డు కావాలని అడిగితే, ప్రసూతి అన్నాను. చేరే రోజు నాయన నా ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని హాస్టలు దాకా వచ్చాడు. గేటు దగ్గర దించి, చెమట తుడుచుకుని, "అవ్వ ఏమో చెప్పమనింది," అన్నాడు.

"ఏం చెప్పమనింది?"

"రాత్రి డ్యూటీ ఉంటే ఏమన్నా తినిపో అని."

ఆయన బస్టాండు వైపు వెళ్లిపోయాడు. నేను పెట్టె తెరవకుండానే, యూనిఫాం ఎప్పుడిస్తారో కనుక్కోవడానికి ఆస్పత్రి వైపు నడిచాను.