జొన్న విత్తనాల కోసం మిర్యాలగూడకు

ఆరో తరగతికి సింధు నాగరికత పాఠం చెప్పే రోజుల్లోనే మా ఇంట్లో చలికాలం విత్తే యాసంగి పంట గొడవ మొదలైంది. కోదాడలో నేను సోషల్ టీచర్ని. పక్కనే అనంతగిరి దగ్గర మా ఆయన వ్యవసాయం. రెండెకరాలు, కాల్వకు చిట్టచివర. నీళ్లు మా దాకా వచ్చేసరికి కాల్వకే ఓపిక అయిపోతుంది. కిందటి యాసంగిలో వరి పొట్ట మీద ఉండగా, కంకి బయటికి రాకముందే ఎండిపోయింది. మళ్లీ ఎండితే పొలం కౌలుకిచ్చి మేళ్లచెరువులో సిమెంటు లారీ నడుపుతానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు భయమే. చేనులో తప్ప ఎక్కడా సరిగా నవ్వని మనిషి, లారీలో ఏమైపోతాడు?

పాఠం కోసం చదువుతుంటే ఒక సంగతి తెలిసింది. సింధు లోయలో వానలు తరతరాలుగా తగ్గుతూ పోయాయట. అయినా జనం ఒక్కరోజులో మాయం కాలేదు. పెద్ద నగరాలు వదిలి చిన్న ఊళ్లకు చేరారు. చాలాచోట్ల తక్కువ నీటితో పండే చిరుధాన్యాలు వేసుకుని బతికారు. నేనేమో ఇన్నేళ్లూ "నాగరికత అంతరించింది" అని పిల్లలకు ఒక్క ముక్కలో చెప్పి నోట్సు రాయించాను. సిగ్గనిపించింది.

అన్నం వడ్డిస్తూ ఇదంతా మా ఆయనకు చెప్పాను.

"అయితే ఏమంటవ్?"

"జొన్న వేద్దాం. బోరు నీళ్లు రెండు తడులకు సాలుతయి."

"కాల్వ కింద జొన్నలా? ఊరు నవ్వుతది. మా నాయన కాల్వ వచ్చినంకనే కడుపునిండ వరన్నం తిన్నడు."

"ఎండిన వరిని సూసి నవ్వలేదా ఊరు?" అని అరిచాను. నాకు కోపమొస్తే స్కూల్లో పక్క క్లాసు కూడా నిశ్శబ్దమవుతుంది.

ఆయన గొంతు తగ్గించాడు. "నవ్వు సంగతి పక్కన వెట్టు. ఒక్కలమే ఏస్తే పిట్టలన్నీ మన చేను మీదనే పడ్తయి. గింజ మిగలదు."

అదీ నిజమే. సింధు లోయవాళ్లు ఊళ్లకు ఊళ్లే పంట మార్చుకున్నారు. మాది ఒక్క ఇల్లు.

వారం తర్వాత సూర్యాపేటలో పనుందని బండి తీశాడు. సాయంత్రం జొన్న విత్తనాల సంచితో దిగాడు. వెళ్లింది మిర్యాలగూడకట. కోదాడ దుకాణాల్లో అందరూ తెలిసినవాళ్లే, ఎవరైనా చూస్తారని. బియ్యం మిల్లుల ఊరికి పోయి దొంగచాటుగా జొన్నలు కొన్న మొనగాణ్ని చూస్తే నాకు నవ్వాగలేదు.

"నవ్వకే. ఆ దుకాణంల ఎవలున్నరో తెల్సా? మన పక్క చేను పెద్దమనిషి. ఆయనా జొన్నలే కొంటుండు. నన్ను సూసి సంచి ఎనకకు దాసిండు."

మా వరి ఎండినప్పుడు గట్టు మీద నిలబడి సలహాలిచ్చిన మనిషే ఆయన. ఇద్దరూ మొహాలు చూసుకుని, టీ తాగి, ఒకే రోజు విత్తాలని మాట్లాడుకున్నారట. రెండు రోజుల్లో ఊళ్లో సంగతి పొక్కింది. మరో రెండు ఇళ్లవాళ్లు వచ్చి కలిశారు.

పిట్టలు రాకుండా ఉండలేదు. నాలుగు చేలల్లోనూ పంచుకుని తిన్నాయి. ఆదివారాలు నేను మంచె ఎక్కి అరిచేదాన్ని, ఆ పనికి నా గొంతు సరిగ్గా సరిపోయింది. అవి తిన్నంత తిన్నా మా గింజలు మాకు మిగిలాయి.

కొత్త జొన్నలతో మొదటిసారి రొట్టెలు కాల్చిన రోజు, మా ఆయన వేడి రొట్టె తుంచుతూ ఉన్నట్టుండి అడిగాడు. "ఏమే, ఆ సింధోళ్లు దీని తర్వాత భూమిల ఏమేసిండ్రు?"

లారీ ఊసే లేదు. పుస్తకం తేవడానికి లేచాను. కళ్లల్లో నీళ్లు ఆయనకు కనబడకూడదని కొంచెం తొందరగానే లేచాను.