పదిహేడో మనిషి వస్తే ఐదు

నా పేరు సూరాడ నూకాలమ్మ. డెబ్బై దాటి చాలాకాలమైంది. ఈ దీవుల్లోని షాదీపూర్‌లో కొడుకూ కోడలితో ఉంటున్నాను. మా పక్కింటి లెక్కల మాస్టారు పోయిన వారం కన్నుమూశారు. నాకు చదువు రాదు. ఎదురింటి టీచరమ్మ చేత ఇది రాయిస్తున్నాను. మెరుగులు దిద్దవద్దని ముందే చెప్పాను.

మాస్టారి దగ్గర చదివినవాళ్లు ఆయన జ్ఞాపకంగా బడి గోడ మీద ఒక సంఖ్య రాయిస్తారట. ఏడు లక్షల ఇరవై వేల ఏడువందల ఇరవై. దాని కింద, "ఒకటి నుంచి పదహారు దాకా శేషం సున్న" అని. ఆ కింది మాట దగ్గరే నా తగాదా.

ఆయనకు దేన్నయినా పంచి చూడటం అలవాటు. చాతం రేవులో ఫెర్రీ కోసం నిలబడినా జనాన్ని మూడేసి, నాలుగేసి మందిగా విడదీసి చూసుకునేవారు. ఒక సాయంత్రం చేపకని ఒడ్డుకు వచ్చి, నా గంప పక్కన కూర్చుని తడి ఇసుకలో పుల్లతో ఆ సంఖ్య గీశారు. నా కంటికి ఒకే ముక్కను పక్కపక్కన రెండుసార్లు పెట్టినట్టు కనబడింది.

"పదహారు మంది దాకా ఎంతమంది వచ్చినా బరాబర్ వాటా వస్తుంది నూకాలమ్మా. ఒక్కటీ మిగలదు. ఇంతకన్నా చిన్న సంఖ్య దేనికీ ఆ గుణం లేదు."

"ఏటీ మిగల్దా?"

"ఏమీ మిగలదు."

"అయితే అది పిసినారి అంకె మాస్టారూ. మిగల్కపోతే మేమేటి తినాల?"

మావాళ్లలో పడవ ఒడ్డుకొచ్చాక చేపల్ని వాటాలు వేస్తారు. పడవకొకటి, వలకొకటి, వేటకు వెళ్లినవాళ్లకు తలా ఒకటి. సమంగా పంచగా మిగిలినవి ఇసుక మీద విడిగా పెడతారు. అవి మొగుణ్ణి సముద్రానికి ఇచ్చుకున్న ఆడవాళ్లవి. నా కొడుకు ఆ చేపలతోనే పెరిగాడు. జాలిపడి ఎవరూ ఇవ్వలేదు. లెక్కలో మిగిలాయి, తీసుకున్నాం.

మాస్టారు నవ్వలేదు. నీళ్లకు ఎడంగా పైకి జరిగి మళ్లీ గీయడం మొదలుపెట్టారు. కాసేపటికి తలెత్తారు.

"పదిహేడో మనిషి వస్తే ఐదు మిగులుతాయి."

"ఆ ఐదూ నావి."

"నీవే. ఇన్నేళ్లూ నేను పదహారు దగ్గరే ఆగిపోయాను."

ఆ తర్వాత పిల్లలకు ఆ సంఖ్య చెప్పినప్పుడల్లా, "పదిహేడుకు ఐదు, అవి నూకాలమ్మవి" అని ముగించేవారు. ఇప్పుడు ఆ పిల్లలే వచ్చి, "సున్న అంటే అందంగా ఉంటుంది దాదీ" అంటున్నారు.

"అందం మీరు తినండర్రా. నా ఐదు నాకు రాయించండి" అన్నాను.

ఊరికే అనలేదు. ఇప్పుడు కుర్రాళ్లు చేపను తూకం వేసి డబ్బాల్లోకి ఎత్తేస్తున్నారు. తూకంలో మిగులుండదు. గోడ మీద కూడా లేకపోతే రేపు ఏ ఆడది ఏం చూపించి అడుగుతుంది?

మాస్టారు ఇసుకలో గీసిన ఆ సాయంత్రం పోటు వచ్చి సంఖ్యను చెరిపేసింది. ఏడులు పోయాయి, ఇరవైలు పోయాయి. నీళ్లకు ఎడంగా గీసిన ఐదు మాత్రం చీకటి పడేదాకా ఉంది. మాస్టారు చేప మాట మరచి దాన్నే చూస్తూ నిలబడ్డారు.

ఇది నా ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: మైలపల్లి ఎర్రమ్మ, కోడ అప్పలనరసమ్మ. ఇద్దరూ ఆ మిగులు తిన్నవాళ్లే.