సిగ్నల్ బండ మీంచి ఫోను

మా బావ పళ్ళు చేస్తాడు. పళ్ళ డాక్టరు అనుకునేరు, కాదు. డాక్టర్లు జనం నోళ్ళ అచ్చులు తీసి చిన్న చిన్న అట్టపెట్టెల్లో పంపిస్తారు. వాటిని బట్టి కట్టుడు పళ్ళు తయారుచేసి, అదే పెట్టెలో తిరిగి పంపడం ఆయన పని. ఊళ్ళో సగం మంది ఆయన చేసిన పళ్ళతోనే నవ్వుతున్నారు, నములుతున్నారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు నూరుతున్నారు. వాళ్ళలో ఒక్కళ్ళ మొహం కూడా ఆయన చూసి ఎరగడు. పనిచేసే గదికి ఒకటే కిటికీ, అదీ పక్క బిల్డింగు గోడవైపు. మైనం వాసన, ప్లాస్టర్ పొడి, గుయ్యిమనే చిన్న మోటారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పలకరించే నాథుడు ఉండడు.

మా అక్క ఉన్నన్నాళ్ళూ ఆయనకు అదొక లోటనిపించలేదు. ఇద్దరి వాటా మాటలూ అక్కే మాట్లాడేది. ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పేలోపు కింద సైకిల్ షాపులో ఎవరు ఎవరితో గొడవపడ్డారో, పాలవాడు ఎంత నీళ్ళు కలిపాడో మొత్తం చెప్పేసేది. ఆయన నవ్వుతూ వినేవాడు. పిల్లల్లేరు. ఒకళ్ళకొకళ్ళు సరిపోయారు. మూడేళ్ళ కిందట జ్వరమని ఆసుపత్రిలో చేరింది మా అక్క, మళ్ళీ ఇంటికి రాలేదు.

అప్పట్నుంచీ బావ మాట మానేశాడు. నేను ప్రతి ఆదివారం ఫోన్ చేసేదాన్ని. ఎలా ఉన్నావంటే ఊ, తిన్నావా అంటే ఊ, బతికే ఉన్నావా అని విసుక్కుంటే దానికీ ఊ. నాకసలే ముక్కు మీద కోపం. ఆ మనిషిని పట్టుకుని గట్టిగా కుదిపేద్దామనిపించేది. ఇంటికి వెళ్తే అక్క కుర్చీ టేబుల్‌కి దగ్గరగా జరిపి, ఎవరూ కూర్చోకుండా ఉంచేవాడు. నేను కూర్చోబోతే, మంచం మీద కూర్చోమని చెయ్యి చూపించేవాడు. ఆ కుర్చీని చూస్తే నాకు ఏడుపొచ్చేది, ఆయన్ని చూస్తే ఒళ్ళు మండేది.

నేను డ్రైక్లీనింగ్ షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. జనం తెచ్చిన కోట్లకూ చీరలకూ నంబర్ చీటీలు కుట్టడం, పోయిన గుండీలకు తిట్లు తినడం నా ఉద్యోగం. ఒకసారి మా షాపు గోడ మీద ఎవరో కాగితం అంటించి వెళ్ళారు. కొండల్లో నడక, గుడారాల్లో బస, చిన్న బృందం, తోడుగా గైడు. అది చూడగానే బావ గుర్తొచ్చాడు. ఆ ఆదివారం నుంచి చెవినిల్లు కట్టుకుని పోరాను. నలుగురి మధ్యన పడితే మనిషి కాస్త తేరుకుంటాడని నా ఆశ. ఈ మరదలి పోరు పడటం కన్నా కొండెక్కడమే నయమనుకున్నట్టున్నాడు, చివరికి సరేనన్నాడు. ఎవరో మా షాపులో ఇచ్చి, ఏళ్ళు గడిచినా తీసుకెళ్ళని చలికోటు ఒకటుంటే అది తొడిగి పంపించాను. చేతులు కాస్త పొడుగైనా దొరలా ఉన్నాడు.

అక్కడ జరిగిందంతా తిరిగొచ్చాక ఆయనే చెప్పాడు.

ఈయన కాక బృందంలో అయిదుగురు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ, మందుల షాపు నడుపుకునే అన్నదమ్ములిద్దరు, కొత్తగా పెళ్ళైన జంట ఒకటి. గైడు మెళ్ళో విజిలు వేసుకుని తిరిగే అమ్మాయి, నడక తప్ప మరో లోకం తెలియని మనిషి. కొండ మొదట్లో టీకొట్టు దగ్గర అందరూ ఎవరెవరో చెప్పుకుంటుంటే, టీచరమ్మ బావని అడిగిందట, మీ ఆవిడ రాలేదా అని.

రాలేదన్నాడు బావ. ఎత్తులంటే కళ్ళు తిరుగుతాయి తనకి, మేడ మీద బట్టలు ఆరెయ్యడానికి కూడా పిట్టగోడ వైపు చూడకుండా వెళ్తుంది అన్నాడు.

అందులో అబద్ధం ఏముంది? మా అక్క అలాగే వెళ్ళేది. అందరూ నవ్వారు. మా అక్క గురించి మనుషులు నవ్వడం ఆయన విని ఎన్నాళ్ళైందో. చావు కబురు తెలిసిన వాళ్ళు ఆవిడ పేరెత్తితే గొంతు తగ్గిస్తారు, లేకపోతే మాట మారుస్తారు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. అప్పుడే చెప్పేద్దామనుకున్నాడట, లేదండీ, పోయిందండీ అని. కానీ టీచరమ్మ అప్పటికే ఇంకో ప్రశ్న వేసింది, మరి మిమ్మల్ని ఒంటరిగా ఎలా పంపిందండీ అని. తిట్టి పంపిందన్నాడు బావ. మళ్ళీ నవ్వులు.

ఇక ఆగలేదు. మూడేళ్ళుగా ఊ తప్ప మాట రాని మనిషికి నోటి కట్టు తెగిపోయింది. ఏరు దాటేటప్పుడు ఒకటి, వంట దగ్గర ఒకటి, మా అక్క ముచ్చట్లే. ఆ కొత్త జంట రోజూ ఏదో ఒకటి పెట్టుకుని కీచులాడుకునేవాళ్ళట. ఒకరోజు ఆ పిల్ల అలిగి రాయి మీద కూర్చుని కదలనంటే, బావ వెళ్ళి, మా ఆవిడకి కోపమొస్తే ఇస్త్రీ చేసిన బట్టలన్నీ బీరువాలోంచి తీసి మళ్ళీ మడత పెడుతుంది, నువ్వు కనీసం కూర్చునే అలిగావు, మీ ఆయన అదృష్టవంతుడు అన్నాడట. ఆ పిల్ల ఫక్కున నవ్వి లేచింది. అది మొదలు ఆ గుంపుకి మా అక్క ఒక ఊతపదమైపోయింది. జారుడు రాయి వస్తే, ఇక్కడ మేడమ్ ఉంటే ఏం చేసేది సార్ అని గైడు అడిగేది. నా వీపెక్కేది అనేవాడు ఈయన. టీచరమ్మ నడక ఆగినప్పుడల్లా ఉన్నితో ఒక టోపీ అల్లేది. అది మేడమ్ కోసమేనని ప్రకటించింది.

గుడారం ఇద్దరు పట్టేది. జోడీ లేరు గనక బావకి ఒక్కడికే ఇచ్చారు. ఆయన ఒక పక్కకు ఒదిగి పడుకుని రెండో పక్క ఖాళీగా వదిలేసేవాడట. సంచీ కూడా అక్కడ పెట్టకుండా కాళ్ళ దగ్గర పెట్టుకునేవాడు. అక్కడికి వచ్చేసరికి మాత్రం నవ్వులన్నీ బయటే ఆగిపోయేవి. భయమేసేదట. ఇంకో రెండు రోజుల్లో కిందికి దిగిపోతాం, దిగగానే ఇదంతా అయిపోతుంది, ఈలోగా ఎవరికైనా తెలిసిందా, తనని పిచ్చివాడనుకుంటారు, తన భార్యనేమో మళ్ళీ గొంతు తగ్గించి తలుచుకుంటారు. రెండోసారి పోతుందేమోనని భయపడ్డానన్నాడు నాతో.

ఆఖరి రోజు దిగే దారిలో ఒక పెద్ద బండ వస్తుంది. దాన్ని సిగ్నల్ బండ అంటారు. అన్ని రోజుల్లోనూ ఫోన్ పనిచేసేది అక్కడ ఒక్కచోటే. ప్రతి బృందమూ అక్కడ ఆగుతుంది, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు బండెక్కి ఇంటికి ఫోన్ చేస్తారు, స్పీకర్ పెడతారు, కింద నుంచున్న వాళ్ళంతా ఆ ఇంటివాళ్ళకి కేకేసి పలకరిస్తారు. గైడు పెట్టిన అలవాటు అది. బావకి ఈ సంగతి అక్కడికి చేరాకే తెలిసింది. కొంప మునిగిందనుకున్నాడు. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిందని చెప్పి పక్కకు జరగబోయాడు. టీచరమ్మ వదిలితేగా! తన ఫోన్ చేతిలో పెట్టి, మేడమ్‌తో మాట్లాడకుండా మేం దిగేదే లేదంది. అన్నదమ్ములిద్దరూ చెరో రెక్కా పట్టుకుని బండెక్కించారు.

ఆయనకు చూడకుండా తెలిసిన నంబర్లు రెండే. ఒకటి అక్కది, అది ఎప్పుడో వేరే ఎవరికో వెళ్ళిపోయింది. రెండోది నాది.

ఆ సమయంలో నేను కౌంటర్ దగ్గర ఒక పెద్దమనిషితో గుండీ గురించి పోట్లాడుతున్నాను. చొక్కా ఇచ్చినప్పుడే గుండీ లేదంటాను నేను, ఉందంటాడు ఆయన. ఎవరిదో తెలియని నంబరు నుంచి ఫోన్ మోగింది. ఏ లోను ఇస్తామనే వాళ్ళో అనుకుని విసురుగా హలో అన్నాను.

"ఏమే, నేనే" అన్నాడు మా బావ.

ఆ పిలుపు నాది కాదు. ఇన్నేళ్ళొచ్చినా నన్ను మరదలు పిల్లా అనే పిలుస్తాడు. ఏమే అనేది మా అక్క ఒక్కదాన్నే. కొండ మీంచి పడి తలకి దెబ్బ తగిలిందనుకున్నాను. బావా అనడానికి నోరు తెరిచాను.

"స్పీకర్‌లో ఉన్నావు, ఇక్కడ అందరూ వింటున్నారు" అన్నాడు గబగబా. మా బావ ఎవర్నీ దేనికీ బతిమాలుకోగా నేను వినలేదు. అప్పుడు విన్నాను.

నాకేం అర్థమైందో ఇప్పటికీ చెప్పలేను. కట్టుకున్న మా ఆయన్నే ఏనాడూ అలా పిలిచి ఎరగను, నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో వచ్చేసింది.

"ఏవండీ, స్వెట్టర్ వేసుకున్నారా?"

అవతల ఒక్కసారిగా నవ్వులు. చెప్పానా, ముందు అదే అడుగుతుందని, అని బావ గొంతు వినిపించింది. తర్వాత ఎవరో పెద్దావిడ ఫోన్ తీసుకుంది. అమ్మాయీ, మీ ఆయన నిన్ను తలవని పూట లేదు, నువ్వూ మాతోపాటే నడుస్తున్నట్టుంది, ఈసారి నువ్వు కూడా రావాల్సిందే, కళ్ళు తిరిగితే చెయ్యి నేను పట్టుకుంటాను అంది. వస్తానండీ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. గుండీ పెద్దమనిషి పోట్లాట మర్చిపోయి నన్నే చూస్తున్నాడు. ఎవరో ఆడపిల్ల, మేడమ్, బట్టలు మడత పెట్టడం నేనూ నేర్చుకుంటున్నాను అని అరిచింది. నాకు తల తోకా తెలియలేదు, నవ్వాను.

తర్వాత అలికిడి తగ్గింది. స్పీకర్ తీసేసి పక్కకి వెళ్ళినట్టున్నాడు. గాలి మాత్రం హోరున వినిపిస్తోంది.

"బావా, ఏంటిదంతా? నేను..." అన్నాను మెల్లిగా.

"తెలుసు. నువ్వేనని తెలుసు. ఒక్క నిమిషం పెట్టెయ్యకు."

పెట్టెయ్యలేదు. అవతల ఆయన ఊపిరి వినిపిస్తోంది, ఇవతల నా కళ్ళ నీళ్ళు ఆ దిక్కుమాలిన చొక్కా మీద పడుతున్నాయి. కాసేపటికి, దిగుతున్నామని చెప్పి పెట్టేశాడు. గుండీ నేనే కుట్టిస్తానని చెప్పి ఆ పెద్దమనిషిని పంపించేశాను.

ఆదివారం నాడు ఇంటికే వెళ్ళాను. వెళ్ళేటప్పుడు బావని కడిగి పారేద్దామనే వెళ్ళాను. కానీ ఆయన తలుపు తీసి, టీ పెట్టి, నేను పైన చెప్పిందంతా తనంతట తానే చెప్పుకొచ్చాడు. మా అక్క పోయాక అంతసేపు ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. తిట్టడానికి నాకు సందు దొరకలేదు. చెప్తూ చెప్తూ ఆ అన్నదమ్ముల్ని అనుకరించాడు కూడా. నేను పంపించడం వృథా పోలేదనుకుని లోపల్లోపల పొంగిపోయాను.

ఆ తర్వాత ఆయన ఫోన్‌కి ఫొటోలు వచ్చాయి, కబుర్లు వచ్చాయి. కొత్త జంట ఇంటికి భోజనానికి రమ్మంది, ఇద్దరూ రావాలంది. మళ్ళీ అందరం కలిసి వెళ్దాం, ఈసారి ఎక్కువ ఎత్తులేని చోటికి, మేడమ్‌ కోసం, అని టీచరమ్మ రాసింది. బావ ఒక్కదానికీ జవాబివ్వలేదు. వాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాడు. నాలుగైదు ఆదివారాలు తిరిగేసరికి మళ్ళీ నాతో ఊ దగ్గరికే వచ్చేశాడు.

నాకు ఎక్కడలేని కోపమూ వచ్చింది. వెళ్ళి, ఫోన్ లాక్కుని, ఆ కబుర్లన్నీ ఆయన మొహం ముందు పెట్టాను. ఇంతమంది నీకోసం కొట్టుకుంటుంటే తలుపులు బిగించుకుని కూర్చుంటావా అని అడిగాను. నిజం చెప్పెయ్యమన్నాను. మంచివాళ్ళు, ఏమీ అనుకోరు, అయ్యో అంటారు, ఇంకా దగ్గరకు తీసుకుంటారు, నీకు చేతకాకపోతే నేను రాస్తానన్నాను. రాయడం మొదలుపెట్టేశాను కూడా.

బావ నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే.

"చెప్తే వాళ్ళకి కూడా పోయినట్టే కదా" అన్నాడు. "ఇక్కడ అందరికీ పోయింది. నీకూ పోయింది, నాకూ పోయింది, కింద సైకిల్ షాపు వాడికీ పోయింది. వాళ్ళ దగ్గర ఇంకా ఉంది. ఉండనీ."

నాకు ఏడుపు ఆగలేదు. అక్క కోసమో, ఈయన కోసమో తెలియదు. కోపమూ చావలేదు. ఎక్కడో ఉన్న ఓ అయిదుగురి కోసం నువ్విలా ఒక్కడివే అయిపోతావా బావా అన్నాను.

"అయిదుగురు కాదు, గైడుతో కలిపి ఆరుగురు" అన్నాడు.