జూలై నెల వానలన్నీ నేను ముందే రాసేశాను

పోయిన జూలైలో మన జిల్లాకు వాన రాకుండా అడ్డం పడింది ఎవరో తెలుసా? ఊరికే ఎవరెవరినో తిట్టుకోకండి. నేనే! ఇది నేను గొప్పకు చెప్పుకునే మాట కాదు. సాక్షాత్తు మా నాయన, డిప్యూటీ కలెక్టరు గారి ఎదుట నిలబడి చెప్పిన మాట.

మొదటినుంచి చెబుతా వినండి. మాది మైదుకూరు దగ్గర పల్లె. ఆరెకరాల మెట్ట, రెండెద్దులు, అంతే ఆస్తి. మా నాయన ఊళ్లో సంఘపెద్ద. ఆదివారం చర్చిలో ప్రార్థనకు లేచాడంటే రాజుగారి క్షేమం ఒక్క ముక్కలో ముగించి, వాన దగ్గరికొచ్చి అరగంట ఆగిపోతాడు. దేవుడు వింటాడో లేదో గానీ మాకు మోకాళ్లు పడిపోతాయి. నేనేమో కడపలో మిషన్ హైస్కూల్లో ఫిఫ్త్ ఫారం, ఉండేది హాస్టల్లో. నాకు ఫీజు సగం మాఫీ. ఉత్తపుణ్యానికి కాదు, ఆ సగానికి బదులు స్కూలుకు ఏదో ఒక పని చెయ్యాలి. ఒకడు గంట కొడతాడు. ఒకడు మ్యాపులు దులుపుతాడు. నాకు వాన ఇచ్చారు.

అవును, వానే! మా స్కూలు ఆవరణలో ఒక మూల, కంపకంచె మధ్య, వాన కొలిచే రాగి గరాటు ఒకటి పాతి ఉంటుంది. దాని కింద సీసా. రోజూ పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి పోవాలి. సీసాలో నీళ్లుంటే గీతల గ్లాసులో పోసి, ఎన్ని అంగుళాలు, ఎన్ని సెంట్లు (సెంటంటే అంగుళంలో నూరో వంతు) అని రిజిస్టర్లో రాయాలి. లేకపోతే ఇంగ్లీషులో 'నిల్' అని రాయాలి. పక్కన హెడ్‌మాస్టరు గారి సంతకం. కడపలో వాన కొలిచే ఉద్యోగం! బట్టతలకు దువ్వెన ఇచ్చినట్టు. ఏప్రిల్ నిల్. జూన్ నిల్. మధ్యలో సెలవులు. ఇంగ్లీషులో ఆ ఒక్క మాట మాత్రం నా అంత అందంగా రాసేవాడు స్కూల్లో లేడు.

చిక్కంతా ఆ ఎనిమిదింటితోనే వచ్చింది. హాస్టల్లో అంబలి గంట కొట్టేది కూడా అప్పుడే! అయిదు నిమిషాలు ఆలస్యమైతే కుండ అడుగున మాడు తప్ప ఏమీ మిగలదు. లేని నీళ్లు చూడ్డానికి పోయి, ఉన్న అంబలి పోగొట్టుకోవడం చదువుకున్నవాడి లక్షణమా, మీరే చెప్పండి? జూలై ఒకటో తారీఖున ఆకాశం కేసి చూశాను. నాలుగు దిక్కులా మబ్బు తునక లేదు. కూర్చుని, స్కేలుతో గీతలు కొట్టి, ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా 'నిల్' అని రాసి పడేశాను. పెన్సిలుతోనా? సిరాతో!

హెడ్‌మాస్టరు గారు సంతకాలు పెట్టేది శనివారాల్లో. నేనేమీ తెలివితక్కువవాణ్ణి కాదు. ఆ వారం రోజులూ కనబడేట్టు వదిలి, కింది వరసల మీద బ్లాటింగ్ కాగితం కప్పి తీసుకుపోయాను. ఆయన అప్పుడు ఒక పిల్లవాణ్ణి నిలబెట్టి శ్రద్ధ గురించి ఉపన్యాసం ఇస్తున్నారు. "చేసే పని మీద దృష్టి ఉండాలోయ్, దృష్టి!" అంటూ, ఎడమచేత్తో బ్లాటింగ్ కాగితం కిందికి జరుపుకుంటూ, పేజీ అడుగుదాకా ముప్పై ఒక్క సంతకాలూ పెట్టేశారు. చెబుదామా అనిపించింది. పెద్దలు అంత దృష్టితో చేస్తున్న పనికి అడ్డం రావడం మర్యాద కాదని ఊరుకున్నాను.

పదకొండు రోజులు రాజభోగం. వేడి వేడి అంబలి, మీదికి రెండో గరిటె!

పన్నెండో తారీఖు పొద్దున హాస్టల్ రేకుల మీద ఎవరో శెనిక్కాయలు బస్తాలకు బస్తాలు కుమ్మరిస్తున్నట్టు ఒకటే చప్పుడు. వాన! పిల్లలంతా చొక్కాలు విప్పి బయటికి ఉరికారు. అందరూ రైతుబిడ్డలే కదా, తడుస్తూ ఒకటే కేకలు. నేను ఒక్కణ్ణే చాప మీద మోకాళ్లూని కూర్చున్నాను. "ప్రభువా, ఈ నెలకు వద్దు తండ్రీ, ఆగస్టులో కురిపించు!" మన జిల్లాలో వాన ఆగిపోవాలని మొక్కిన రైతుబిడ్డ నాకు ముందు పుట్టలేదు, ఇక పుట్టబోడు.

వాన ఆగలేదు. గరాటు దగ్గరికి పరిగెత్తాను. కొలిస్తే తొంభై సెంట్లు! రిజిస్టరు తీసి, బ్లేడుతో పన్నెండో తారీఖు 'నిల్' గీకడం మొదలుపెట్టాను. సిరా పోలేదు. గట్టిగా గీకాను. సిరా పోయింది. దాంతోపాటు కాగితమూ పోయింది. పేజీ నడిమధ్య రాగి కానీ బిళ్లంత బొక్క పడి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే గేటు ముందు జట్కా ఆగింది. దిగినాయన డిప్యూటీ కలెక్టరు. క్యాంపు మీద కడపలో ఉన్నారట. కరువు రిపోర్టులు చదివి చదివి విసిగిపోయిన మనిషి, వాన పడగానే ఆనందం పట్టలేక, ఎంత పడిందో కళ్లారా చూసుకుందామని తడుస్తూ వచ్చేశారు. మా హెడ్‌మాస్టరు గారు ఛాతీ విరిచి, "మా రిజిస్టరు మిగతా స్కూళ్లకే ఆదర్శమండీ!" అని నన్ను కేకేశారు.

డిప్యూటీ కలెక్టరు దొరవారు రిజిస్టరు తెరిచారు. "పన్నెండు... ఇక్కడ బొక్క ఉంది." కాగితం ఎత్తి, అందులోంచి ఒంటికన్నుతో నన్ను చూశారు. "పదమూడు. అంటే రేపు. రేపు నిల్. ఎల్లుండి నిల్. ముప్పై ఒకటి నిల్. అన్నిటికీ తమ సంతకం. హెడ్‌మాస్టరు గారూ, తమకు జ్యోతిషం కూడా వచ్చునా?"

హెడ్‌మాస్టరు గారి ముఖం తెల్లబోయింది. వెంటనే ఎర్రబడింది కూడా, అయితే అది నావైపు తిరిగాక. "వీడి ఫీజు మాఫీ ఈరోజుతో రద్దండీ! దొంగరాతలు రాసేవాడికి చదువెందుకు?" మరి దొంగరాతలకు సంతకం పెట్టినవారి సంగతి ఏమిటని ఎవరూ అడగలేదు. నిండు ఫీజు కట్టే స్తోమత మాకు యాడిది? మాఫీ పోతే చదువు పోయినట్టే. అప్పటిదాకా నవ్వులాటగా ఉన్నది కాస్తా నిజంగా ఏడుపొచ్చేట్టు అయింది.

ఇది చాలదన్నట్టు వరండాలో ఒక కేక. "ఒరే యోసేపా! వానొచ్చినాదిరా!" మా నాయన! శెనిక్కాయ విత్తనాల కోసం ముందురోజే బండి కట్టుకుని కడపకు వచ్చి ఉన్నాడు. తలమీద గోనెపట్ట, ఒళ్లంతా నీళ్లు, ముఖమంతా నవ్వు. "దేవుడు మన మాట ఇన్నాడురా! నాలుగు దినాలు సెలవడుగు, ఇత్తనమెయ్యల్ల!"

దొరవారు ఆయన్ని లోపలికి పిలిచారు. "ఏమప్పా, వీడు నీ కొడుకా? ఈ నెలంతా వాన రాదని వీడు ఒకటో తారీఖునే రాసి పెట్టినాడు. ఏమంటావు?"

మా నాయనకు చదువు రాదు. పేజీ కేసి వంగి, ఒక్కొక్క వరసే చూపుడువేలితో తడుముతూ కిందిదాకా పోయాడు. "ఇదంతా వాన రాదనేనా సామీ?"

"అంతా అదే."

నాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ప్రతి ఆదివారం మోకాళ్ల మీద పడి అడగతాండా సామీ. పైన దేవుడు ఊ అంటానే ఉండాడు, నడాన ఎవుడో అడ్డం పడతాండాడని నాకు శానా దినాల నుంచి అనుమానం. వాడు యాడుండాడో తెలీకపాయ. మా ఇంట్లోనే ఉండాడు గదా సామీ!"

దొరవారు కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. ఆ నవ్వే నన్ను కాపాడింది. "మాఫీ ఉండనివ్వండి. పదమూడు నుంచి ఉన్నవన్నీ కొట్టేసి, రోజూ ఎనిమిదింటికి వీడు చూసి రాయాలి. తమరు పక్కనే నిలబడి, చూసి, సంతకం పెట్టాలి. ఒక్కరోజు తప్పినా మాఫీ లేదు."

ఇక చూడండి మా వైభోగం! పొద్దున్నే గొడుగు వేసుకుని హెడ్‌మాస్టరు గారు, గ్లాసు పట్టుకుని నేను. గొడుగు వానకు కాదు, ఎండకు. "ఏమిరా?" "నిల్ సార్." మళ్లీ రేపు. "ఏమిరా?" "నిల్ సార్." అక్కడ పల్లెలో నాయన విత్తనం వేశాడు. మొలకలు వచ్చాయి. ఇంకొక్క వాన పడితే నిలబడతాయి. సీసాలో ఒక్క చుక్క కనబడుతుందేమోనని వంగి వంగి చూసేవాణ్ణి. పంతొమ్మిది రోజులు చూశాను.

ముప్పై ఒకటో తారీఖున హెడ్‌మాస్టరు గారు నేను కొట్టేసిన వరసనూ కొత్త వరసనూ పక్కపక్కన పెట్టి చూశారు. "ముప్పై ఒకటికి ముప్పై కరెక్టు. లెక్కల పరీక్షలో ఏనాడైనా ఇన్ని వచ్చినాయిరా నీకు?" అన్నారు.

మాఫీ నిలబడింది. చేలో మొలకలు మాత్రం రెండాకుల దగ్గరే వాడిపోతున్నాయని నాయన కబురంపాడు. జన్మకొక్కసారి పేపరు అంత బాగా రాశాను. రాసిన జవాబుల్లో ఇంకొక్కటి తప్పయితే చాలు దేవుడా అని ఏడ్చిన విద్యార్థి కూడా నేనే.