నాటేసిన వరుస

కిష్టవ్వది ఉడుము పట్టు. ధర్మపురి దాపున ఉన్న ఆ ఊళ్లో ఈ మాట కాదనేవాళ్లు లేరు. వానకాలం నాట్లయ్యాక యూరియాకు కరువొచ్చినప్పుడు, మిగతావాళ్లు సొసైటీ ముందు ఒక జత చెప్పులు పెట్టి వరుస పట్టుకుంటే ఆమె మూడు జతలు పెట్టింది. అందులో ఒకటి మొగుడిది. దుబాయి రేవులో బరువులు దించుతున్న సదానందం, పాపం, చెప్పుల రూపంలో ఊళ్లో కూడా నిలబడ్డాడు.

యూరియా తెచ్చే ఓడల సంగతి ఫోన్‌లో చెప్పింది కూడా అతనే. ఏవో దేశాల కొట్లాటల వల్ల అవి చుట్టు తిరిగి వస్తున్నాయని, యూరియా ఎప్పుడు దిగుతుందో ఎవరికీ తెలియదని అన్నాడు. ఎవరో కొట్టుకుంటే తన పైరు ఎందుకు మాడాలని కిష్టవ్వకు ఒళ్లు మండింది.

ఆడబిడ్డను కూడా వరుసలో నిలబెట్టి ఆ రోజు రెండు బస్తాలు సాధించింది. ఆటోలో వేసుకొస్తుంటే పోశవ్వ పొలం కనబడింది. ఊళ్లో అందరికంటే ముందు నాటేసిన పొలం అది. పిలకలు వేసే వేళకు ఎరువు లేక పసుపెక్కి ఉంది. అందులో నాటేసింది కిష్టవ్వా, ఆమె గుంపు ఆడవాళ్లే. వాళ్లది బదులు పని: నీ మడిలో నేను, నా మడిలో నువ్వు, ఎవరి నారు ముందు అందితే వాళ్లది ముందు. ఈసారి కిష్టవ్వది అందరికంటే చివర. తనకింకా కొన్నాళ్ల దాకా ఎరువుతో పనే లేదు. మరి ఈ బస్తాలు ఇంట్లో ఏం చేసుకోను? తన మీద తనకే సిగ్గేసింది. ఆటో ఆపించి రెండూ పోశవ్వ గట్టున దింపేసింది.

సాయంత్రం గుంపును కూడేసింది.

"ఓడలు మన చేతిల లెవ్వు. నాటేసిన వరుస మన చేతిలనే ఉంది. బస్తా ఎవలకు దొరికినా, ముందుగాల నాటేసినోళ్ల మడికే పోవాలె," అన్నది. నీది చివర కదా, రాకపోతే ఏం చేస్తావని ఎవరో అడిగారు. వచ్చేదాకా విడవనన్నది.

అలా ఒక్కో మడీ పచ్చబడుతూ వచ్చింది. ఆఖరికి రెండే మిగిలాయి: వినోదది, కిష్టవ్వది. గట్టు తగాదా వచ్చినప్పటి నుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఈసారి సొసైటీకి వచ్చిన యూరియా లారీలో గుంపుకు దొరికింది ఒక్క బస్తానే, అదీ కిష్టవ్వ చేతికే. అప్పటికి ఆమె పైరు కూడా పసుపెక్కింది. బస్తా ఇంటి ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. వినోదకు ఇవ్వడానికి చేయి రాలేదు. చివరకు లేచి, నెత్తిన పెట్టుకుపోయి, వినోద గట్టు మీద దింపి, పలకరించకుండానే తిరిగొచ్చింది.

తరువాతి లారీ ఆలస్యంగా వచ్చింది. కిష్టవ్వ చేతులు కట్టుకుని కూర్చోలేదు. బస్తా కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది, పేడ కలిపిన నీళ్లు పారించింది. అయినా అదను దాటిన పైరు కోలుకోలేదు. గుంపులో అందరి మడులూ పండాయి, ఆమెది పలచబడింది. కోత నాడు మడి నడుమ నిలబడి ఏడ్చింది.

కోతలయ్యాక యాసంగి నాట్లకు అందరి నార్లూ ఒక్కసారే అందాయి. ఎవరి మడి ముందన్న పంచాయితీ మొదలుకాకముందే వినోద కొంగు నడుముకు చెక్కుకుని కిష్టవ్వ మడిలోకి దిగింది.

"ముందుగాల గీ మడే, అక్కా," అని వంగి మొదటి కుదురు నాటింది.