సుందరలక్ష్మి రక్తంలో లేనిది

మైదుకూరు బజారులో పసుపు, ఎండుమిరపకాయలు అమ్మే అంగడి వెంకటరమణయ్యది. ఆయన భార్య సుందరలక్ష్మి నలభై రెండేళ్లు వచ్చేదాకా తలనొప్పికి తప్ప మాత్ర మింగి ఎరగదు. రెండువేల ఆరులో కడుపునొప్పి వస్తే అపెండిక్స్ అని కడపలో ఆపరేషన్ చేశారు. అరగంట పనే. కుట్లు వేయడం అయిపోయింది, తెలివి కూడా వచ్చింది. ఎవరో పేరు పెట్టి పిలవడం వినబడుతోంది. కానీ రెప్ప ఎత్తలేకపోయింది, వేలు కదపలేకపోయింది, ఊపిరి కూడా యంత్రమే పోసింది. చచ్చిపోయినవాళ్లకు ఇట్లాగే వినబడుతుందేమో అనుకుంది. అలా ఐదు గంటలు.

మరునాడు మత్తు డాక్టరు వచ్చి, మీరు వైశ్యులేనా అని అడిగాడు. జబ్బుకీ కులానికీ ఏం సంబంధమని వెంకటరమణయ్యకు కోపం వచ్చింది. డాక్టరు నిదానంగా చెప్పాడు. ఆపరేషన్‌కు ముందు కండలు సడలడానికి ఒక మందు ఇస్తారు. దాన్ని ఐదారు నిమిషాల్లో విరిచేసే పదార్థం మనుషుల రక్తంలో ఉంటుంది. ఈమె రక్తంలో అది లేదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపం వస్తేనే ఇట్లా అవుతుంది. తరతరాలుగా అయినవాళ్లనే చేసుకునే వైశ్యుల ఇళ్లల్లో ఇది ఎక్కువ.

"మందేం వాడాల సార్?" అని అడిగింది సుందరలక్ష్మి.

"ఏం అక్కర్లేదమ్మా. పథ్యం కూడా లేదు. ఆ ఒక్క మందు తగలకుంటే మీకేం కాదు. ఆ మందు పేరు రాసిచ్చిన ఈ కార్డు మాత్రం ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి."

ఇంటికొచ్చాక పలకరించడానికి వచ్చినవాళ్లకు ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు. "నాకు జబ్బు ఉండాదా, లేదా?" అని భర్తను అడిగింది. అదంతా మీ పుట్టింటి నుంచి వచ్చిందే అన్నాడాయన. పిల్లలకూ పరీక్ష చేయిస్తే కొడుకు రక్తంలో ఆ పదార్థం ఉంది, కూతురు శ్రీవిద్యకు తల్లి మాదిరే లేదు. అంటే సగం తనదేనని తెలిసి వెంకటరమణయ్య ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ వారమే సుందరలక్ష్మికి చిన్నాయన గుర్తొచ్చాడు. ఆమె చిన్నప్పుడు గిలక, అదే హెర్నియా ఆపరేషన్‌కు పోయి బల్ల మీదే కన్నుమూశాడు. డాక్టరే చంపినాడని సుందరలక్ష్మి నాయన మనుషుల్ని తీసుకుపోయి ఆసుపత్రి అద్దాలు పగలగొట్టించాడు. ఆ డాక్టరు ఊరే విడిచిపోయాడు.

నందికొట్కూరులో పుట్టింటికి పోయి నాయనకు అంతా చెప్పింది. డెబ్బై ఐదేళ్ల మనిషి, చివరిదాకా విన్నాడు.

"అట్లయితే ఆ డాక్టరు తప్పేం లేదంటావా?"

"తెలీదు నాయనా. కడప డాక్టరును అడిగితే, అయ్యుండొచ్చు, కాకనూ పోవచ్చు అన్యాడు."

"నా రక్తం చూస్తే తెలుస్తాదా?"

నీ సంగతి తెలుస్తుంది గానీ చిన్నాయనది తెలియదని చెప్పింది. అయినా చూపిస్తానన్నాడు. సోమవారం ఇద్దరూ కడప బస్సెక్కారు. ఏం తెలుసుకోవడానికి పోతున్నారో ఇద్దరికీ సరిగా తెలియదు.